చెయ్యి అందని చోటు

సీతారత్నానికి ముందు నోరు పూసింది. ఒంట్లో విటమిన్లు తగ్గి ఉంటాయనుకుని మందుల షాపులో మాత్రలు కొని వేసుకుంది. తగ్గలేదు. పెరుగన్నం తిన్నా మంటే. ఆవకాయ జాడీని అలమరలో వెనక్కి నెట్టేసింది. పళ్ల డాక్టరు ఒక పన్ను అరగదీసి, పూతకు రాసుకోమని మందిచ్చి, అప్పటికీ తగ్గకపోయేసరికి "టెన్షన్లు తగ్గించుకోండి మేడమ్" అన్నాడు. టెన్షన్ పెట్టడానికైనా తన ఇంట్లో ఇంకో మనిషి లేదని ఆమె అతనికి చెప్పలేదు.

ఆమెకు నలభై మూడేళ్లు. ధౌలా కువాన్ దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఎమ్మెస్సీ కోసం రాజమండ్రి నుంచి ఢిల్లీ వచ్చి, పరిశోధన కూడా ఇక్కడే చేసి, ఉద్యోగంలోనూ ఇక్కడే చేరింది. మయూర్ విహార్‌లో ప్రభుత్వం లాటరీ తీసి ఇచ్చే డీడీఏ ఫ్లాటు తగిలితే అందులో దిగింది. పెళ్లి వద్దని ఎన్నడూ అనుకోలేదు. కావాలని పట్టుబట్టి కూర్చోనూ లేదు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, వేసవి సెలవుల్లో ఒకసారి బొకారోలో అన్న భీమారావు ఇంటికి వెళ్లొస్తూ ఉండగా ఏళ్లు వాటంతటవే గడిచిపోయాయి.

నోరు పూసింది తొంభై మూడు చలికాలంలో. ఎండలు ముదిరేసరికి వీపు మీద బొబ్బలు లేచాయి. నీటితో నిండి, పల్చగా, ముట్టుకోకుండానే చితికిపోయే బొబ్బలు. చితికిన చోట మానేది కాదు, పచ్చి పుండై నిలిచిపోయేది. తరువాత మెడ మీదికి, చేతుల మీదికి వచ్చాయి. పనిమనిషి చాందిని ఒకరోజు గిన్నెలు తోమి, చేతులు రెండుసార్లు కడుక్కుని, గుమ్మంలో నిలబడి "దీదీ, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు" అంది. మర్నాటి నుంచి రాలేదు. స్టాఫ్‌రూమ్‌లో పదేళ్లుగా ఆమెతో డబ్బా పంచుకు తినే హరిప్రియ, కూర వేయబోతుంటే "ఇవాళ ఉపవాసం" అని గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ తరువాత ఆమెకు చాలా ఉపవాసాలు వచ్చాయి.

చివరికి ఒక పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో డాక్టర్ మెహ్రా అనే ఆయన చూశాడు. భుజం దగ్గర, బొబ్బ ఏమీ లేని చోట, బొటనవేలు ఆనించి కొద్దిగా పక్కకి జరిపాడు. పైచర్మం ఉడికిన బంగాళాదుంప తొక్కలాగా జారి ముడత పడింది.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు.

"జువాలజీ చెబుతాను."

"అయితే మీకు చెప్పడం తేలిక."

అతను చెప్పకముందే ఆమెకు అర్థమైంది. ఏటా జూలైలో నల్లబల్ల మీద ఆమె గీసే బొమ్మే అది. పక్కపక్కనే రెండు కణాలు, వాటిని కలిపి పట్టి ఉంచే చిన్న చిన్న బిళ్లలు. "జాకెట్టుకి టిచ్‌బటన్లు కుడతామే, నొక్కితే టిక్కుమని పట్టుకుంటాయే, అలాంటివి. ఒక్కో కణానికి చుట్టూరా కుట్టి ఉంటాయి. అందుకే బరువెత్తినా, గీరుకున్నా మన చర్మం విడిపోదు" అని పిల్లలకు చెప్పేది. రోగక్రిముల మీద పోరాడాల్సిన ఆమె రక్తం ఇప్పుడు ఆ బటన్లనే శత్రువులనుకుంటోంది. ఒక్కొక్కటే విడిపోతోంది. విడిపోయిన సందులో నీరు చేరుతోంది. ఆ నీరే బొబ్బ. జబ్బు పేరు పెంఫిగస్.

"ఒకప్పుడు ఇది వస్తే బతికేవాళ్లు తక్కువ" అన్నాడు మెహ్రా. "ఇప్పుడు మందుంది. నెలకోసారి వచ్చి, మూడు రోజులు వరుసగా సెలైన్‌లో ఎక్కించుకోవాలి. బొబ్బలు పోయాక కూడా చాన్నాళ్లు రావాలి. మధ్యలో మానకూడదు."

ఆపైన కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు. "ఫ్యామిలీ కంప్లీటా?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను విడమరిచాడు. ఇచ్చే మందులు రెండు రకాలు. అందులో ఒకదాని వల్ల పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లకి దాన్ని ఆపి రెండోది మాత్రమే ఇస్తారు. కాకపోతే గుణం కనిపించడం ఆలస్యమవుతుంది.

ఆమె కాసేపు అతని బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూసింది.

"కంప్లీటే" అంది.

మంచం పట్టేంత జబ్బు కాదు, అలాగని మామూలుగా తిరగనిచ్చేదీ కాదు. అన్నిటికంటే కష్టం వీపు. చేతుల మీద, మెడ మీద తనే మందు రాసుకునేది. వీపు మధ్యలోకి ఏ చెయ్యీ అందలేదు. అట్లకాడకి దూది చుట్టి, అద్దానికి వీపు పెట్టి రాయాలని చూసింది. అద్దంలో కుడి ఎడమ తారుమారై, మందు రాయాల్సిన చోట కాక బాగున్న చోట పడేది. పుండు మీద పడినప్పుడు అట్లకాడ అంచు గీరుకుని కళ్లలో నీళ్లు తిరిగేవి. పొద్దున్న లేచేసరికి దుప్పటి వీపుకి అంటుకుపోయి ఉండేది. మగ్గుతో నీళ్లు పోసుకుని, నానబెట్టి, కొంచెం కొంచెంగా ఊడదీసుకోవాల్సి వచ్చేది.

భీమారావు ఫోను చేశాడు. "అంటుకునేదా?" అని అడిగాడు.

"కాదన్నయ్యా."

"అయితే మరి వదినని పంపనా?"

ఆ 'పంపనా'లో 'వద్దను' అన్న బతిమాలుడు వినిపించింది. "వద్దులే, నేను చూసుకుంటాను" అంది సీతారత్నం. ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు దాని పక్కనే నిలబడింది.

మొదటిసారి సెలైన్ ఎక్కించుకోవడానికి వార్డులో చేరినప్పుడు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. పక్క మంచం మీదికి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పాతికేళ్లుంటాయి. నూలు చీర కొంగు తల మీంచి మెడ చుట్టూ కప్పుకుంది. వెంట వచ్చిన పంజాబీ ఆవిడ సంచి మంచం కింద పెట్టి, సాయంత్రం వస్తానని చెప్పి గబగబా వెళ్లిపోయింది. సూది గుచ్చుతుంటే ఆ అమ్మాయి "ఓలమ్మో" అంది.

ఇంకొకప్పుడైతే ఢిల్లీలో ఆ మాట చెవిన పడగానే సీతారత్నం తల తిప్పేదే. ఇప్పుడు ఈ మొహంతో ఊరూ పేరూ చెప్పుకోవడం ఇష్టం లేక కదలకుండా పడుకుంది.

చిన్న డాక్టరొకడు కాగితాలు పట్టుకుని వచ్చి ఆ అమ్మాయిని హిందీలో ప్రశ్నలడిగాడు.

"పిల్లలున్నారా?"

"హా జీ."

"ఇంక పిల్లలు వద్దు కదా? ఫ్యామిలీ పూర్తయింది కదా?"

"హా జీ, హా జీ."

అతను రాసుకుని అవతలి మంచం దగ్గరికి వెళ్లాడు. సీతారత్నం గోడనే చూస్తూ ఉంది. ఆ 'హా జీ'లు రెండూ ఒకే రకంగా, ఏమీ లేకుండా పలికాయి. క్లాసులో పాఠం అర్థం కాని పిల్లలు అలాగే తలాడిస్తారు. ఆమె లేచి కూర్చుంది.

"నీకెంతమంది పిల్లలమ్మా?"

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. కొంగు తొలగి పెదాల మీది పుళ్లు కనిపించాయి. "మీరు తెలుగోలా?"

"అవును. పిల్లలెంతమంది?"

"నాకా? నాకు పిల్లలేటండి, ఇంకా లేరు."

"మరి డాక్టరుతో ఉన్నారన్నావేం?"

"ఆయన అదా అడిగినాడు?" అంది ఆ అమ్మాయి. "నానేటో, సూది నొప్పెడుతుందా అని అడుగుతున్నాడు కాబోలనుకున్నాను. ఈళ్లు ఏటడిగినా హా జీ అంటే ఎల్లిపోతారండి. లేపోతే మల్లీ మల్లీ అడుగుతారు."

నర్సు అప్పటికే బల్ల మీద సిరంజిలు సర్దుతోంది. సీతారత్నం పిలిస్తే "ఠహరియే" అని, ఆగమంటూ, వినిపించుకోకుండా పనిలో పడింది. సీతారత్నం మంచం దిగింది. చేతికి సూది ఉండగానే సెలైన్ స్టాండును గరగర ఈడ్చుకుంటూ వార్డు చివరిదాకా వెళ్లి, చిన్న డాక్టరు ముందు నిలబడి, ఆమెకు హిందీ రాదని, పిల్లలు లేరని, ఆమె దేనికి ఒప్పుకుందో ఆమెకే తెలియదని చెప్పింది. తరగతిలో వెనక బెంచీ వాళ్లకు వినిపించే గొంతుతోనే చెప్పింది. వార్డంతా ఇటు తిరిగింది.

అతను విసుగ్గా వచ్చాడు. "ఆ మందు లేకపోతే తగ్గడం ఆలస్యమవుతుంది. ఆమెనే అడగండి" అన్నాడు.

సీతారత్నం మంచం అంచున కూర్చుని రెండు దారులూ వివరించింది. అమ్మాయి పేరు ధనమ్మ. విజయనగరం వైపు. భర్త శ్రీరాములు సైన్యంలో నాయక్. కాశ్మీరులో ఉన్నాడు. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఢిల్లీ కంటోన్మెంటులో ఆమెకు క్వార్టరిచ్చారు. ఈ కొత్త మందు ఇక్కడ ఇస్తారని మిలిటరీ ఆసుపత్రి వాళ్లే పంపారు.

"మా ఆయన్ని అడగాల" అంది ధనమ్మ.

"ఇప్పుడు కుదరదు కదమ్మా. డాక్టరు నిలబడి ఉన్నాడు."

ధనమ్మ చేతుల మీది కట్ల వైపు చూసుకుంది. చిన్న డాక్టరు వైపు చూసింది. "ఆ మందొద్దని సెప్పండి. లేటైతే అవనీ. పడతాను."

చిన్న డాక్టరు రాసింది కొట్టేసి, కొత్తగా రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. సీతారత్నం తన మంచం మీదికి వచ్చి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. ఒంట్లో సత్తువంతా ఆ కాస్త నడకతోనే అయిపోయింది.

కాసేపటికి వెనక నుంచి గొంతు వినిపించింది. "మీ ఈపంతా జాకెట్టుకి అంటుకుపోనాది మేడమ్. ఎవరూ మందు రాయరా?"

"ఎవరూ లేరు."

ధనమ్మ సెలైన్ అయ్యాక లేచింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, గుడ్డ తడిపి జాకెట్టు నానబెట్టి, నెమ్మదిగా విడదీసింది. మూడు వేళ్లతో మందు తీసుకుని, రుద్దకుండా అద్దుతూ పోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ బరువు తగ్గించాలో ఆ వేళ్లకు తెలుసు, అదే నొప్పి వాటికీ ఉంది కాబట్టి. సీతారత్నం మొహం దిండులో దాచుకుంది. ఈ వీపు మీద ఒక మనిషి చెయ్యి పడి ఎన్నాళ్లైందో ఆమెకు గుర్తుకు రాలేదు. జబ్బు రాకముందు కూడా పడలేదు కదా అని అప్పుడే తోచింది.

"మంటగా ఉందేటి?" అంది ధనమ్మ.

"ఆఁ, మంట."

ఆ నెల నుంచి ఇద్దరూ ఒకే తేదీలకు వచ్చేవారు, పక్కపక్క మంచాలు అడిగి తీసుకునేవారు. మధ్యలో శనివారాలు కాలేజీ అయ్యాక సీతారత్నం ఆటో ఎక్కి కంటోన్మెంటుకి వెళ్లేది. కాలేజీకి అది దగ్గరే. ధనమ్మ క్వార్టరు వెనక అరటిచెట్ల గుంపు ఉంది. అంతకుముందు ఉన్న మలయాళీ వాళ్లు నాటి వెళ్లారట. ధనమ్మ లేత ఆకులు కోసి, తుడిచి, కొబ్బరినూనె రాసి మంచం మీద పరుచుకునేది. అరటాకు పుండుకి అంటుకోదు. సీతారత్నానికీ నాలుగు ఆకులు చుట్టచుట్టి ఇచ్చేది. ఆమె వాటిని ఆటోలో ఒళ్లో పెట్టుకుని యమున దాటించి తీసుకెళ్లేది. చాలా నెలల తరువాత నిద్రపట్టింది.

'మేడమ్' పోయి, అక్కని వాళ్ల వైపు పిలిచే 'అప్ప' వచ్చింది. ధనమ్మ అప్పా అని పిలిచినప్పుడల్లా సీతారత్నానికి ఎవరినో పిలుస్తున్నట్టుండేది, తరువాత తననే అని తెలిసేది. ముందు ఒకరి వీపుకి ఒకరు మందు రాసుకునేవారు. తరువాత ధనమ్మ టీ పెట్టేది. ఇద్దరూ చల్లారబెట్టుకుని, పెదాలకు తగలకుండా చెంచాతో తాగేవారు.

"కుళాయి కాడ లైను ఉంటాది కదప్పా" అంది ఒకసారి ధనమ్మ. "నాను ఎల్తే అందరూ తప్పుకుని ముందు నన్నే పట్టుకోమంటారు. మొదట్లో ఎంత మంచోలో అనుకున్నాను. బిందె నిండగానే నాను ఎల్లిపోవాలనట." నవ్వబోయి పెదవి పగిలి ఆపేసింది.

భర్త సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేదు. "పోయిన సెలవుకి వచ్చినాడు. ఉన్నన్నాళ్లూ బయట వరండాలో మంచమేసుకున్నాడు. నన్ను ముట్టుకోలేదప్పా. అన్నం పెడితే కంచం కిందెట్టమన్నాడు, నా సేతిలోంచి అందుకోలేదు. ఇంకేటుంది. ఆల్లమ్మ రెండో పెళ్లి సేసుకోమంటే సేసుకుంటాడు."

సీతారత్నానికి ఆ మనిషిని చూడకుండానే కోపం వచ్చింది. శ్రీరాములు డిసెంబరులో సెలవు మీద వస్తున్నాడని తెలిసి, అతనికి చెప్పాల్సిన మాటలన్నీ మనసులో సర్దిపెట్టుకుంది.

ఆమె వెళ్లేసరికి అతను వరండాలో పీట మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. నల్లగా, సన్నగా ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ధనమ్మ లోపల వంట చేస్తోంది.

"కూర్చో బాబూ. నీతో మాట్లాడాలి" అంది సీతారత్నం. కూర్చున్నాక జబ్బు సంగతి మొదటి నుంచి చెప్పింది. కణాల గురించి, టిచ్‌బటన్ల గురించి, రక్తం పొరబడటం గురించి. "ఇది క్రిమి వల్ల వచ్చింది కాదు. ఒకరి నుంచి ఇంకొకరికి పాకదు. ఆమె కంచంలో తిన్నా, ఆమె పక్కన పడుకున్నా నీకేమీ కాదు. చదువుకున్న వాళ్లే తెలుసుకోవట్లేదు, నిన్నని ఏం లాభం. కానీ కట్టుకున్నవాడివి నువ్వే అంటుకుంటుందని దూరంగా ఉంటే ఆ పిల్ల ఎవరిని చూసుకుని బతకాలి?"

అతను బ్రష్షు కింద పెట్టాడు.

"అంటుకుంటాదని కాదు మేడమ్" అన్నాడు.

"మరి?"

"పోయిన సెలవుకి వచ్చిన రోజు గుమ్మంలో ఎదురొచ్చినాది. సంతోషంతో జబ్బ పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. తోలు ఊడి నా సేతిలోకి వచ్చీసినాది." అరచేతులు రెండూ తెరిచి వాటినే చూసుకున్నాడు. "కుయ్యిమన్లేదు అది. కొంగు కప్పుకుని లోపలికి ఎల్లిపోనాది. మాకాడ, కాశ్మీరులో, నాను సూసినవి శానా ఉన్నాయి మేడమ్. కానీ ఇది నా సేత్తో అయినాది. ఆ రోజు నుంచి దాని దగ్గరికెల్తే మల్లీ ఏటి ఊడొస్తాదో అని. కంచం అందుకుంటే ఏలు తగుల్తాదని కిందెట్టమన్నాను."

తలుపు దగ్గర చప్పుడైంది. ధనమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ మాట నాతో సెప్పొచ్చు కదా" అంది.

"ఏటని సెప్పమంటావు?"

"ఇదే. ఇప్పుడు సెప్పినావే, ఇదే."

సీతారత్నం సర్దిపెట్టుకొచ్చిన మాటల్లో ఇంకా చాలా మిగిలిపోయాయి గాని, వాటితో పనిలేదని తెలిసింది. తనకి సిగ్గేసింది కూడా. లోపల కూర మాడు వాసన వస్తే ధనమ్మ పరిగెత్తి దింపి మళ్లీ వచ్చింది.

సీతారత్నం శాలువా పక్కకి తీసి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ముంజేయి అతని ముందుకు చాచింది. దాని మీద మానుతున్న మచ్చలు, మధ్యలో ఒకటి రెండు పచ్చివి. "చెయ్యి కడుక్కుని రా. ముందు దీని మీద నేర్చుకో."

"వద్దు మేడమ్."

"నాకేం కాదు. రా."

అతను కడుక్కుని వచ్చాడు.

"వేళ్లతో పట్టుకోకు. ఒత్తకు, రుద్దకు, పక్కకి లాగకు. అరచెయ్యి మొత్తం పరిచి ఊరికే ఆనించు. తీసేటప్పుడు తిన్నగా పైకి తియ్యి. అంతే."

అతని అరచెయ్యి ఆమె ముంజేతి మీద వాలింది. గరుకుగా, చల్లనీళ్ల తడితో ఉంది. ఆ తడి కింద నెమ్మదిగా వెచ్చదనం తెలిసింది. తిన్నగా పైకి తీశాడు. చేతిని తిప్పి చూసుకున్నాడు. ఏమీ రాలేదు.

"వచ్చింది కదా విద్య. ఇంక దాని వీపుకి మందు నువ్వు రాయి" అని లేచింది.

వాళ్లు లోపలికి వెళ్లారు. సీతారత్నం వరండాలో పీట మీద కూర్చుంది. లోపలి నుంచి ధనమ్మ గొంతు. "కిందకి... కాదు, అక్కడే... మెల్లిగా." కాసేపటికి ఆ గొంతు కూడా ఆగిపోయింది. ఎదుటి క్వార్టర్ల మీద సాయంత్రపు ఎండ పల్చబడుతోంది. ఆమె చెప్పులు తొడుక్కుని, తలుపు తట్టకుండా, మెయిన్ రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడింది. తన వీపుకి ఆ రోజు మందు పడలేదన్న సంగతి ఇంటికి వెళ్లి పడుకోబోయేటప్పుడు గుర్తొచ్చింది.

శ్రీరాములు తిరిగి వెళ్లిన రెండు నెలలకే అతనికి సికింద్రాబాదు బదిలీ అయింది. కుటుంబంతో ఉండే చోటు. అక్కడి మిలిటరీ ఆసుపత్రిలోనే ఇదే మందు ఇచ్చేలా డాక్టర్ మెహ్రా కాగితం రాసిచ్చాడు. ప్రయాణానికి ముందు రోజు సీతారత్నం కంటోన్మెంటుకి వెళ్లింది. సామాన్లు కట్టేసి ఉన్నాయి. గది మధ్యలో ఒక్క చాప మిగిలింది.

"మాతో వచ్చీయప్పా" అంది ధనమ్మ.

"నా ఉద్యోగమో?"

"అవున్లే." ధనమ్మ ట్రంకు తాళం లాగి చూసింది. అప్పటికే బిగించి ఉన్న తాళమే. "మరి ఈపుకి ఎవరు రాస్తారు?"

"తగ్గిపోయింది కదే."

అది అబద్ధం కాదు. సీతారత్నం పుళ్లు చాలావరకు ఎండిపోయాయి. ధనమ్మవే ఇంకా నెమ్మదిగా ఉన్నాయి. ఒక మందు మానేసినందుకు అది మొదటి నుంచీ తెలిసిన సంగతే. వెళ్లే ముందు ధనమ్మ రెండు అరచేతులూ సీతారత్నం బుగ్గలకు ఆనించింది. తిన్నగా వెనక్కి తీసుకుంది. అప్పుడు ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. సీతారత్నం ఆటోలో ఏడ్చింది. ఆటోవాడు అద్దంలో చూసి, ఏమనుకున్నాడో, రేడియో కట్టేశాడు.

తరువాతి నెలల్లో వార్డులో పక్క మంచం మీదికి ఎవరెవరో వచ్చారు, వెళ్లారు. సీతారత్నం పుస్తకం తీసుకెళ్లి చదువుకునేది. ఆమె నెలసరి ఆగిపోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. చెప్పుకోవాల్సినంత సంగతా అనుకుని ఊరుకుంది. పుళ్లు మాని నల్లమచ్చలయ్యాయి, మచ్చలు పలచబడ్డాయి. చాందిని ఒకరోజు తలుపు తట్టి "అచ్ఛీ హో గయీ దీదీ?" అని, బాగైపోయారా అన్నట్టు నవ్వుతూ లోపలికి వచ్చి, అడక్కుండానే చీపురు అందుకుంది. హరిప్రియ డబ్బా తెరిచి "గోంగూర తెచ్చాను, నువ్వు తినొచ్చా?" అంది. సీతారత్నం చాందినిని వెళ్లిపొమ్మనలేదు, గోంగూర వద్దనలేదు. వాళ్ల మీద కోపం పెట్టుకోవాలని ప్రయత్నించింది గాని అదీ నిలవలేదు. మనుషులందరూ వచ్చి ఎవరి చోట్లో వాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఆమే వెనక్కి రాలేకపోయింది. వాళ్లు మాట్లాడుతుంటే వింటూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ, మధ్యలో ఎక్కడో జారిపోయేది.

తొంభై ఆరు వర్షాకాలంలో ఒక ఆదివారం ఫోను మోగింది. ఎస్టీడీ బూతు నుంచి ధనమ్మ. వెనక బస్సుల హారన్లు.

"అప్పా, నానే. గుర్తున్నానా?"

"ఎలా ఉన్నావే?"

"మల్లీ రెండు మాట్లు లేసినాయి. డాక్టర్లు తగ్గించినారు. ఇప్పుడు సుబ్బరంగా ఉన్నాను. మా ఆయనే సూసుకుంటాడు అన్నీ. పిల్లలా? ఇంకా లేరప్పా. మందు ఆపినాక సూద్దారి అన్నారు. నువ్వెలాగున్నావు? నీ కాడ ఎవరున్నారు?"

"బాగున్నాను. బాగానే ఉన్నాను."

సీతారత్నం ఇంకేదో చెప్పబోయింది గాని అటు మీటరు చూసి శ్రీరాములు తొందర చేస్తున్నట్టున్నాడు. "మల్లీ సేస్తానప్పా" అని పెట్టేసింది. మళ్లీ చేసింది కూడా, దసరాకి ఒకసారి. ఆ తరువాత వాళ్లు ఎక్కడికో బదిలీ అయ్యారు. నంబరు లేదు.

ఆ మరుసటి జనవరిలో డాక్టర్ మెహ్రా ఆమె చేతులు, మెడ, వీపు చూసి, బొటనవేలు ఆనించి జరిపాడు. చర్మం కదల్లేదు.

"ఇంక రానక్కర్లేదు" అన్నాడు. "మీరు మామూలు మనిషి. ఏడాదికోసారి మొహం చూపించండి చాలు. కంగ్రాచ్యులేషన్స్."

ఆమె థాంక్స్ చెప్పింది. వార్డు దగ్గర ఒక్క నిమిషం ఆగి లోపలికి చూసింది. మంచాల మీద కొత్తవాళ్లు. నర్సు కూడా కొత్తది. ఎవరికీ ఆమె తెలియదు. మెట్లు దిగి బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్లాలో వెంటనే తోచలేదు. కాలేజీకి సెలవు పెట్టింది. అన్నకు ఫోను చేస్తే సంతోషిస్తాడు, రెండు నిమిషాలు. గేటు ముందు ఆటోలు వరసగా ఉన్నాయి. ఈ మూడేళ్లూ ఆటోలోనే తిరిగింది. రాపిడికి భయపడి బస్సు వైపు చూడలేదు. ఈ రోజు ఆటోలు దాటుకుని బస్టాపు దాకా నడిచింది.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఎలా ఎక్కిందో తెలియదు, వెనక నుంచి జనం ఎక్కించారు. ఒకవైపు స్వెట్టరు వేసుకున్న లావుపాటి ఆవిడ, ఇంకోవైపు బఠానీల సంచి మోస్తున్న ముసలాయన, వెనక ఎవరిదో మోచెయ్యి. కండక్టరు "ఆగే బఢో, ఆగే బఢో" అంటూ ముందుకి జరగమని అరుస్తున్నాడు. బ్రేకు పడ్డప్పుడల్లా అందరూ కలిసి ఒకే ముద్దలా ముందుకు ఒరిగి, కలిసి వెనక్కి వచ్చేవారు. సీతారత్నం పైన రాడ్డు పట్టుకుని కళ్లు మూసుకుని ఎదురుచూసింది. ఎక్కడా మంట లేదు. ఊపిరాడనంత ఇరుకులో, చెమట వాసనలో, నాలుగు వైపుల నుంచీ ఒంటి వేడి తగులుతూ ఉంటే కదలకుండా నిలబడింది. పక్కనే ఒక సీటు ఖాళీ అయింది. స్వెట్టరు ఆవిడ "బైఠ్ జాయియే" అంటూ కూర్చోమని చూపించింది. సీతారత్నం తల అడ్డంగా ఊపింది.

బస్సు వంతెన ఎక్కేసరికి సగం మంది దిగిపోయారు. స్వెట్టరు ఆవిడ దిగింది. బఠానీల ముసలాయన సంచి భుజానికెత్తుకుని దిగిపోయాడు. జనం పలచబడే కొద్దీ అద్దాలు లేని కిటికీల్లోంచి యమున మీది గాలి కొట్టి బస్సులో చలి తెలిసింది. ఖాళీ సీట్ల మధ్య రాడ్డు పట్టుకుని ఆమె ఒక్కతే నిలబడి ఉంది. కండక్టరు వింతగా చూశాడు. మయూర్ విహార్ వచ్చింది. శాలువా భుజాల మీదికి లాక్కుని దిగింది.